చిలుకల అంచు

పోయిన వారం మనం ఖైరున్నిసాను బోధన్‌లో, ఆమె ఇంటి ముందుగదిలో, సూదికి జరీ ఎక్కిస్తుండగా వదిలి వచ్చాం. ఏటిగడ్డ రాజాసాబ్ తన పటం చేయమని ఆమె అన్న ఎజాజ్‌కు పురమాయించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఎజాజ్ నిజామాబాద్‌లోని తన స్టూడియోలో ఫోటోను నిలువెత్తు పెద్దది చేసి, పలక మీద అంటించి, రంగులు వేశాడు. బట్టలు, నగలు మాత్రం నిజమైనవే అతకాలని ఆ పలకను చెల్లెలికి అప్పగించాడు. రాజాసాబ్ నివాసమైన గడి నుంచి ఒక మూట వచ్చింది. అందులో రెండు బట్టలున్నాయి: తెల్లటి నేత బట్ట ఒకటి, ఎర్రటి జరీ శాలువా ఒకటి. ఖైరున్నిసా తెల్లదాన్ని పక్కన పెట్టి ఎర్రదాన్ని కత్తిరించింది. ఏ ఘడియలో కత్తెర పట్టిందో గానీ, పని ముగించి చేతులకంటిన జిగురు కడుక్కోకముందే వీధిలో టాంగా ఆగింది.

దిగింది లింగవ్వ. ఏటిగడ్డ గడిలో ఆమెకు తెలియని మూల లేదు. చిన్నప్పుడు రాణి వెంట పుట్టింటి నుంచి అరణంగా, అంటే పెళ్లి కానుకగా, వచ్చిన ఆడబాప; దొర మాట కాదనలేని దాసి. రాణి పోయింది, జాగీరు పోయింది, లింగవ్వ మాత్రం బొడ్లో తాళంచెవుల గుత్తితో అలాగే ఉండిపోయింది. ఎప్పుడొచ్చినా వాకిట్లోంచే చాయ్ పెట్టమని కేక వేసే మనిషి ఆ పొద్దు చెప్పులు విడవడం కూడా మరిచి లోపలికి వచ్చింది.

"మూటేది బిడ్డ?" అంది.

"కూసో అవ్వ. ఏమైంది? రాజాసాబ్ మంచిగున్నరా?"

"యాడి మంచి. నిన్నటి సంది గుటక దిగుతలేదు. నిజామాబాద్ డాక్టర్ వచ్చి సూసి ఇగ నాతోని గాదన్నడు. పొద్దుగాల చిన్నదొర పెట్టె తీసిండు, అన్ని తయారు పెట్టుకోవాలె గదా అని. పెట్టెల శాలువా లేదు. పటం కాడికి పోయింది, నేను దెస్త అని ఉరికొచ్చిన. ఇయ్యి, పోత."

చిన్నదొర అంటే రాజేశ్వర్, రాజాసాబ్ తమ్ముడి కొడుకు. రాజాసాబ్‌కు సంతానం లేదు. కాబట్టి రేపటి నుంచి గడి, మామిడి తోటలు, ఇంకా ఏమైనా మిగిలి ఉంటే ఆ పేరు, అన్నీ అతనివే. అతనికి ఆ సంగతి బాగా తెలుసు, అందుకే ఈ మధ్య గడిలో చెప్పులు టకటకలాడించుకుంటూ నడుస్తున్నాడు.

"ఏ శాలువా అవ్వ?" అంది ఖైరున్నిసా, ఏదో అనుమానంగా.

"ఎర్రది. దొరకు ఆఖరుకు కప్పేది."

ఖైరున్నిసా కోసింది ఆ ఎర్రదాన్నే. వెనక్కి తిరిగి పటం వైపు చూడబోయి, చూడలేక, గోడకు ఆనుకుంది. పటం మీద దుప్పటి కప్పి ఉంది గనుక లింగవ్వకు ఇంకా ఏమీ తెలియదు. ఆమె తన ధోరణిలో తాను చెప్పుకుపోతూనే ఉంది.

"మా గడిల రివాజు గది. గద్దె ఎక్కేనాడు దొరకు తెల్లబట్ట కడ్తరు. ఒట్టి చేతులతోని వచ్చినవ్, మంచిగ ఏలుకో అని. అదే పూట ఆయన కోసం నేయించిన ఆఖరి శాలువా పళ్లెంల వెట్టి ముందట పెడ్తరు. దొర దాన్ని చేయితోని ముట్టాలె. ముట్టినంక పెట్టెల వడ్తది. మల్ల ఆయన పోయిననాడే దాని మడత విప్పుడు. ఆ రెండు జోడు. ఒకటి కదిల్తే రెండోది గూడ కదలాలె. గందుకే రెండూ ఒక్క మూటల కట్టి పంపిన."

"నాకు చెప్పలేదేంది అవ్వ?"

"సెప్పుడేంది? తెల్లది గద్దెకు, ఎర్రది కాటికి అని ఎవలకు తెల్వది?"

ఏటిగడ్డలో ఎవరికీ తెలియక పోదు, నిజమే. కానీ బోధన్‌లో ఈ గల్లీలో తెల్లబట్టకు ఒకే ఒక్క అర్థం. ఖైరున్నిసాకు ఆ అర్థం మరీ దగ్గరగా తెలుసు. ఆమె భర్త ఉస్మాన్ నిజాంసాగర్ కాలువలో పూడిక తీసే పనికి పోయి, వరదకు కొట్టుకుపోయాడు. శవం దొరుకుతుందని ఊరంతా ఎదురుచూసింది. ఆమె తన చేత్తో కఫన్, శవానికి చుట్టే తెల్లబట్ట, చించి సిద్ధం చేసింది. ఉస్మాన్ దొరకలేదు. ఆ తెల్లబట్ట ఈనాటికీ ట్రంకు పెట్టెలో అడుగున ఉంది. గడి మూట విప్పగానే తెల్లదాన్ని చూసి, పాపం, రాజాసాబ్ తన కఫన్ కూడా ముందే సర్దుకున్నాడనుకుని, భయభక్తులతో కళ్లకద్దుకుని పక్కన పెట్టింది. ఎర్రటి జరీని చూసి, గద్దె ఎక్కిన నాటిది ఇదేనని సంబరపడింది. ఎవరైనా అంతేగా అనుకుంటారు? తెల్ల నేతబట్ట కట్టుకుని రాజైన వాణ్ని ఆమె ఎక్కడ చూసింది గనుక.

"అవ్వ, నువ్వు జర కూసో. నీకొకటి చూపియ్యాలె," అని పటం మీది దుప్పటి తీసింది.

ఆ పటం గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి. రాజాసాబ్ ఎజాజ్‌ను పిలిపించి చెప్పిన మాటలివి: "మా తాతల పటాలు చూసినవా? అందరు ఇరవై ఏండ్ల పిల్లగాండ్లు. ఒక్కడు గూడ చచ్చేటట్టు లేడు. నన్ను గట్ల చేయకు. మొఖం ఇయ్యాల్టిది పెట్టు, బట్టలు గద్దె ఎక్కిన నాటివి పెట్టు. పాగకు తురాయి పెట్టకు, అది అమ్ముకున్నం గదా. ఆ చోటు ఖాళీగనే ఉండనీ." కాళ్ల కింద నేలకు రంగు వద్దన్నాడు. ఏటిగడ్డ మట్టిలో చెరకాకు కాల్చిన బూడిద కలిపి, జిగురుతో మెత్తమన్నాడు. ఖైరున్నిసా అలాగే మెత్తింది. ఇప్పుడు ఆ బూడిద నేల మీద, ఎముకలు తేలిన చెంపలతో, గాజుపూసల హారాలతో, గుండెల మీద ఎర్రటి జరీ శాలువాతో రాజాసాబ్ నిలబడి ఉన్నాడు. పాగ మీద తురాయి ఉండాల్సిన చోట ఒట్టి దారం వేలాడుతోంది. ఆమె చేసిన పనులన్నింటిలో అది గొప్ప పని. ఆ ఉదయం దాకా దాన్ని చూసుకుని ఎంత గర్వపడిందో ఆమెకే తెలుసు.

లింగవ్వ అరవలేదు. అరిస్తే బాగుండునని ఖైరున్నిసా అనుకుంది. ముసలామె దగ్గరికి పోయి, శాలువా అంచు మీద వేలు పెట్టి, మెల్లగా చివరిదాకా జరిపింది. ఆ వేలు వణుకుతోంది.

"కోసినవా," అంది.

"కోసిన. తెల్వక కోసిన అవ్వ."

"ఊడి రాదా?"

"జిగురు పెట్టి, కుట్టు వేసి, మీద వార్నిష్ కొట్టిన. పీకితే దారాలే చేతికొస్తయి. సగం బట్ట మిగిలింది. అంతే ఉంది."

 దొర ఆఖరి బట్టను బోధన్ జరీ పనిమనిషి కత్తెర పెట్టి కోసేసిందట అని రేపు నిజామాబాద్ దాకా చెప్పుకుంటారు. ఎజాజ్‌ను ఏ గడి గడపా తొక్కనివ్వరు. అది ఒక భయం. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. ఉస్మాన్‌కు కప్పాల్సిన బట్ట కప్పలేకపోయానన్న దుఃఖం ఆమెలో ఇన్నేళ్లయినా ఆరలేదు. ఇప్పుడు ఇంకో మనిషికి దక్కాల్సిన దాన్ని తన చేతులతోనే లేకుండా చేసింది. 

లింగవ్వ గబగబా మిగిలిన సగం బట్టను ఒళ్లోకి తీసుకుంది. కోసిన వైపు లోపలికి మడిచి, ఇంకో మడత పెట్టి, అంచు పైకి కనిపించేలా సర్దింది. చూస్తే నిండు శాలువా లాగే ఉంది.

"గిట్ల ఇస్త చిన్నదొరకు. పెట్టెల వెడ్తడు. రేపు కప్పేటప్పుడు గూడ నేనే కప్పుత, ఎవలకు తెల్వది. నువ్వు మాట్లాడకు. నేను మాట్లాడ. పటం మీద దుప్పటి కప్పి గా మూలకు వెట్టు. దొర కాలం అయినంక చూద్దాం."

ఎంత తేలికైన దారి. ఖైరున్నిసా చేయి చాచి ఆ మడతను అందుకుంది కూడా. ఒళ్లో పెట్టుకుని చూస్తుంటే ట్రంకు పెట్టెలోని కఫన్ బట్ట ఇంతే బరువుండేదని గుర్తొచ్చింది. ఒక మనిషి తనకు పూర్తిగా ఉందనుకుంటూ సగం బట్టతో వెళ్లిపోవడం, అది తెలిసి తాను బతికినన్నాళ్లూ నోరు మూసుకోవడం ఆమె వల్ల అయ్యే పని కాదు.

"లేదు అవ్వ. ఆయనకు పాణమున్నది గదా. ఆయనకే చెప్త. తిడ్తే తిట్టనీ, మాఫ్ చేస్తే చేయనీ. పటం గూడ తీస్కపోత, చూస్తడు."

"వద్దు," అంది లింగవ్వ.

"ఎందుకొద్దు?"

"పటం దొరకు సూపియ్యకు బిడ్డ. నీ కాల్మొక్త."

నిజంగానే వంగింది. తల్లి వయసు మనిషి తన కాళ్ల మీదికి వంగుతుంటే ఖైరున్నిసా బెదిరిపోయి, రెండు భుజాలూ పట్టుకుని లేపింది. తన మీద ప్రేమతోనే, తనకు మాట రాకూడదనే ఇంతగా బతిమాలుతోందనుకుంది. ఆ ప్రేమకు ఆమె కళ్లు చెమర్చాయి. కానీ మనసు మార్చుకోలేదు.

దుప్పటి చుట్టిన పటాన్ని టాంగాలో ఇద్దరి మధ్యా నిలబెట్టుకుని బయలుదేరారు. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడే క్రషింగ్ రోజులు. ఫ్యాక్టరీ రోడ్డు పొడుగునా చెరకు బండ్లు బారులు తీరి ఉన్నాయి, ఎడ్లు నిలబడ్డచోటే నెమరు వేస్తున్నాయి. టాంగా తోలే దాసు ఎంత అదిలించినా గుర్రానికి సందు దొరకలేదు. ఒకచోట బండి ఇరుసు విరిగి చెరకంతా రోడ్డు మీద పడింది. జనం ఏరుకుంటున్నారు.

"జల్ది పోనియ్యి దాసన్న," అంది ఖైరున్నిసా.

"యాడికెళ్లి పోనియ్యాలె అక్క? బండ్ల మీదికెళ్లా?" అన్నాడు దాసు.

తాము చేరేలోపు ఆయన కన్ను మూస్తే? అప్పుడు ఈ మాట ఎవరికి చెప్పుకోవాలి? ఖైరున్నిసా పెదవులు కదుపుతూ దువా చదువుకుంది. లింగవ్వ మాత్రం రోడ్డు ఎంత ఆగితే అంత నిమ్మళంగా ఉన్నట్టు కనబడింది. ఒకసారి దాసుతో, "తొందరేం లేదు కొడుకా," అని కూడా అంది. ఖైరున్నిసా ఆ మాట విన్నది గానీ, అప్పుడు పట్టించుకోలేదు.

గడి దర్వాజా దగ్గర రాజేశ్వర్ ఎదురొచ్చాడు. ఇస్త్రీ ప్యాంటు, చేతిలో సిగరెట్టు. పెద్దాయన గదికి వినిపించకుండా గొంతు తగ్గించి అడిగాడు.

"శాలువా తెచ్చినవా లింగవ్వ?"

 ఖైరున్నిసా ముందుకొచ్చింది.

"తెచ్చినం చిన్నదొర. ముందుగాల రాజాసాబ్‌తోని ఒక మాట చెప్పాలె. పటం గూడ చూపియ్యాలె."

"ఇప్పుడు పటమేంది? మనిషి పోయేటట్టున్నడు."

"గందుకే," అంది ఖైరున్నిసా.

రాజేశ్వర్ సిగరెట్టు నేలకేసి నలిపాడు. విసుగ్గా పక్కకు జరిగాడు.

రాజాసాబ్ పడుకున్న గది పెద్దది, అందులో మంచం చిన్నది. ఒకప్పుడు దర్బారు చేసిన ఆ గదిలో ఇప్పుడు మందు సీసాలు, ఒక స్టూలు, గోడల నిండా తాతల పటాలు. ఇరవై ఏళ్ల రాజులందరూ కింద పడి ఉన్న ముసలి రాజును చూస్తున్నారు. ఆయన కళ్లు తెరిచే ఉన్నాడు.

ఖైరున్నిసా మంచం పక్కన నేల మీద కూర్చుంది. దారి పొడుగునా తయారు చేసుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"రాజాసాబ్, నేను ఎజాజ్ చెల్లెను. నాతోని పెద్ద తప్పయింది. మూటల తెల్లది మీ ఆఖరి బట్ట అనుకున్న. ఎర్రది గద్దెది అనుకొని కోసి పటానికి కుట్టిన. మా ఇండ్లల్ల తెల్లదే కఫన్. నాకు ఇంకోటి తెల్వదు. మాఫ్ చేయుమని అడుగుతందుకు గూడ నాకు మొఖం లేదు."

రాజాసాబ్ ఆమె వైపు తల తిప్పాడు. తర్వాత ఆయన ఛాతీ ఎగిరింది. ఏమైందోనని ఆమె కంగారుగా లేవబోయింది. అది నవ్వు.

"అంటే నాకు చావుబట్ట కట్టి గద్దె మీద నిలవెట్టినవన్నట్టు," అన్నాడు. "మా వాళ్లెవరికీ ఇంత ధైర్యం రాలె. పటం గా కిటికీ కాడ పెట్టు. వెలుగుల చూస్త."

కిటికీ దగ్గర నిలబెట్టి దుప్పటి తీసింది. మధ్యాహ్నపు వెలుగు గాజుపూసల మీద పడింది. మంచం మీది మొహం, పటంలోని మొహం ఒకదాన్నొకటి చూసుకున్నాయి. 

"మొఖం మంచిగ పెట్టిండు మీ అన్న. అబద్ధం ఆడలె," అన్నాడు. ఆయన చూపు బూడిద నేల మీంచి పైకి పాకి, ఖాళీ పాగ దగ్గర ఆగి, గుండెల మీది శాలువా మీదికి దిగింది. అక్కడే నిలిచిపోయింది. నవ్వు మెల్లగా మొహంలోంచి పోయింది.

"దగ్గరికి తే."

తెచ్చింది. ఆయన చేయి లేవడం లేదు. ఖైరున్నిసానే ఆ చేతిని ఎత్తి అంచు మీద ఉంచింది.

"ఇది నాది గాదు," అన్నాడు రాజాసాబ్.

తలుపు దగ్గర నిలబడి ఉన్న రాజేశ్వర్ ఒక అడుగు లోపలికి వేశాడు. "పెద్దబాపు, జ్వరంల ఏదో అంటున్నరు. అదే పెట్టెల ఉన్నది. తాళం లింగవ్వ కాడనే ఉంటది."

"జ్వరం కాదురా." ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటున్నాడు. "గద్దె ఎక్కిననాడు దర్బారు దర్బారంత నన్ను చూస్తుంది. నేను పళ్లెంల ఉన్న దాన్ని చూస్తున్న. ఇరవై ఏండ్ల పోరన్ని. రాజువైనవ్ అంటనే, ఇగో నీ చావు అని ముందట పెట్టిండ్రు. ఎట్ల మరుస్త? అంచు పొడుగునా చిలుకలుండె. పచ్చ చిలుకలు, ఎర్ర ముక్కులు. అవి ఎగిరిపోతే బాగుండు అనుకుంట కూసున్న. దీని మీద చిలుకలేవి? ఇవి పూలు."

ఖైరున్నిసా శాలువా వైపు చూసింది. పూలే. తన చేత్తో ఒక్కో పువ్వునూ వరసగా సర్ది కుట్టింది, తనకు తెలియదా? ఒక్క క్షణం ఆమె గుండె తేలికైంది. తాను కోసింది ఆయన ఆఖరి బట్ట కాదు. ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు. మరి అసలుది ఏది? టాంగాలో ముసలామె అన్న మాట, అంచు మీద వణికిన వేలు, కాళ్ల మీదికి వంగిన నడుము అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. ఆ బతిమాలడం తన కోసం కానే కాదు.

గదిలో అందరూ లింగవ్వ వైపే చూస్తున్నారు. ఆమె గోడ వారగా, నేల మీద కూర్చుని ఉంది. బొడ్లోంచి తాళంచెవుల గుత్తి తీసి ముందు పెట్టుకుంది.

"నాందేడ్ బజార్ల కొన్న సర్కార్, గా పూలది," అంది. "కొని పెట్టెల వెట్టిన. మీరు పోయినంక ఎవలు సూస్తరు అనుకున్న."

"నాది అమ్మినవా?"

"అమ్మలె." ఆమె తల ఎత్తింది. ఆ మొహంలో భయం లేదు, అలసట మాత్రమే ఉంది. "కప్పిన."

"ఎవరికి కప్పినవ్?"

లింగవ్వ రాజేశ్వర్‌ను చూసింది, గోడల మీది పటాలను చూసింది, చివరికి మంచం మీది మనిషిని చూసింది.

"మీ కొడుకుకు," అంది.

రాజాసాబ్‌కు కొడుకుల్లేరు. ఆ సంగతి జిల్లా అంతటికీ తెలుసు. నాకు కొడుకెక్కడివాడు అని ఆయన అడుగుతాడని ఖైరున్నిసా ఎదురుచూసింది. ఆయన అడగలేదు. కళ్లు మూసుకున్నాడు. రెండు కళ్ల చివరల నుంచీ నీళ్లు దిండు మీదికి జారాయి. పక్కనున్న ఖైరున్నిసాకు కూడా వినిపించీ వినిపించనంత మెల్లగా అడిగాడు.

"వాని పేరేంది లింగవ్వ?"

ముసలామె చెప్పడానికి నోరు తెరిచింది. అప్పటికే రాజేశ్వర్ లోపలికి వచ్చి, తలుపు మూసి, గడియ పెట్టాడు.